జరిమానాల మీద సమ్మె – అనీబిసెంట్

అనీబిసెంట్ అనగానే మనకు హోంరూలు ఉద్యమం, 1917 కలకత్తా కాంగ్రెసు అధ్యక్షపీఠం గుర్తుకొస్తాయి. మదనపల్లె వాళ్లకైతే 1915లో వెలసిన కళాశాల. పరీక్షకు అంతవరకు చాలు. నాకు మాత్రం 1888లో లండన్ తూర్పు పేటల్లో ఆడపిల్లల జీతాల కోత లెక్క రాసుకున్న అనీబిసెంట్ ఎక్కువ ఇష్టం.

పుట్టింది 1847లో, లండన్‌లోనే. ఇరవై ఏళ్లకు ఒక క్రైస్తవ మతాచార్యుణ్ణి పెళ్లాడింది. మతం మీద నమ్మకం పోయింది, 1873లో ఆ కాపురమూ పోయింది. తర్వాత నాస్తికవాది, ఆపైన సోషలిస్టు. అవన్నీ చెప్పడానికి ఈ సంచిక చాలదు.

1888 జూన్‌లో ఫేబియన్ సొసైటీ సమావేశంలో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కంపెనీ మాట వచ్చింది. వాటాదారులకు 23 శాతం డివిడెండు పంచిన కంపెనీ! మిత్రుడు హెర్బర్ట్ బరోస్‌ను వెంటబెట్టుకుని ఆమె ఆ ఫ్యాక్టరీ దగ్గరికే వెళ్లి అమ్మాయిలను అడిగింది. పదహారేళ్ల పిల్లకు వారానికి 4 షిల్లింగులు. అందులో 2 గది అద్దెకే సరి. ఇక జరిమానాలు చూడండి. షిల్లింగుకు 12 పెన్నీలు. పాదాలు మురికిగా ఉంటే 3 పెన్నీలు. కొన్ని విభాగాల్లో మాట్లాడినా 3 పెన్నీలే. పనిలో అంటుకున్న పుల్లలు బల్లమీద పెడితే ఏకంగా షిల్లింగు, అంటే ఆ పిల్ల వారం జీతంలో నాలుగో వంతు. ఆలస్యంగా వస్తే సగం రోజు గేటు బయటే. 8 పెన్నీల రోజుకూలిలో 5 ఎగిరిపోయేవి. ఎనిమిదిలో సగం అయిదెట్లా అయిందో ఆ గుమాస్తానే అడగాలి! వేళ్లు తెగకుండా కాపాడుకోబోతే యంత్రం చిక్కుపడిందని ఒకామెకు షిల్లింగు వేశారు.

జూన్ 23న ఈ లెక్కంతా 'లింక్' పత్రికలో అచ్చయింది. ఇదంతా అబద్ధమని సంతకాలు పెట్టమంది యాజమాన్యం. వాళ్లు పెట్టలేదు. ఒకామెను పనిలోంచి తీసేశారు. అంతే, జులై మొదటివారంలో దాదాపు 1,400 మంది బయటికొచ్చేశారు. సమ్మె చేయించింది అనీబిసెంటే అని చాలా పుస్తకాలు రాస్తాయి. నేనొప్పుకోను. ఆమె అడిగింది ఆ అగ్గిపెట్టెలు కొనవద్దని. పని మానింది ఆ అమ్మాయిల సొంత నిర్ణయం. అయితే మానాక వాళ్లను వదల్లేదామె. చందాలు పోగుచేసింది, సమ్మె భత్యం పంచింది, కార్మికురాళ్ల బృందాన్ని పార్లమెంటుకు నడిపించింది. లండన్ ట్రేడ్స్ కౌన్సిల్ మధ్యవర్తిత్వంతో రెండు వారాల్లోపే కంపెనీ దిగొచ్చింది. జరిమానాలు రద్దు. రంగులకనీ, బ్రష్షులకనీ పట్టుకునే కోతలూ రద్దు. కొత్త సంఘానికి ఆమే కార్యదర్శి.

జరిమానాలకు హద్దులు గీస్తూ బ్రిటన్‌లో చట్టం 1896లో వచ్చింది. అప్పటికామె దివ్యజ్ఞానం బాటపట్టి మన దేశం వచ్చేసి మూడేళ్లు. 1933లో అడయారులో కన్నుమూసింది. మన వేతనాల చెల్లింపు చట్టం 1936 నాటిది. జీతంలో రూపాయికి అర్ధణా మించి జరిమానా వేయకూడదు, ముందు సంజాయిషీ వినాలి, ఆ సొమ్ము కార్మికుల మేలుకే ఖర్చవ్వాలి అంది. 1982 సవరణలో ఆ అర్ధణా 3 శాతమైంది, 2019 వేతనాల కోడ్‌లోనూ అంతే. పదిహేనేళ్లు నిండని వాళ్లమీద మాత్రం జరిమానా అసలే వేయరాదని 1936లోనే రాశారు.