ధనచింతయు, సర్ సి. వి. రామన్‌గారి జీవితమును

మానవుని మనశ్శాంతిని హరించు చింతలలో ధనచింత మిగుల బలవత్తరమైనది. ఇది లేనివానిని మాత్రమేగాక ఉన్నవానిని సైతము వేధించుచుండును. నెల కడపటి దినములలో ఇంటివారి ముఖములు చూచి, పాఠశాల జీతము కట్టవలసిన గడువు సమీపించినదని నోరెత్తి చెప్పజాలని విద్యార్థులు అనేకులు గలరు. అట్టివారి నిమిత్తము ఒక మహనీయుని చరిత్రను ఈ దృష్టితో వ్రాయ దలచితిమి. ఆయన పేరు వినని విద్యార్థి యుండడు. కాని ఆయన బాల్యవిద్య మన విశాఖపట్టణమునందే, నేడు వన్ టౌను అని వ్యవహరింపబడు పాత పట్టణ భాగమున జరిగినదని యెరిగినవారు కొలదిమందియే.

చంద్రశేఖర వేంకట రామన్‌గారు 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి సమీపమందలి తిరువానైక్కావలు గ్రామమున జనించిరి. అప్పటికి తండ్రి చంద్రశేఖరయ్యరుగారి సంపాదన నెలకు పది రూపాయలు మాత్రమే. 1892లో వారికి విశాఖపట్టణమున మిసెస్ ఏ. వి. యన్. కళాశాలయందు గణిత భౌతికశాస్త్రములు బోధించు ఉద్యోగము లభింపగా కుటుంబమెల్ల ఇచ్చటికి తరలివచ్చెను. సంతానము ఎనమండుగురు, అందు రామన్‌గారు రెండవవారు. ఒక్కరి జీతముపై ఇందరు బ్రదుకవలసిన ఆ యింట సిరిసంపదలు లేకున్నను, శాస్త్రగ్రంథములకును సంగీతమునకును లోటు లేకుండెను. రామన్‌గారు సెంట్ అలోషియస్ పాఠశాలలో చదివి పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. తండ్రిగారు బోధించు కళాశాలలోనే ఎఫ్. ఏ. ముగించి, విద్యార్థివేతనముతో చెన్నపట్టణమున ప్రెసిడెన్సీ కళాశాలను చేరి, 1904లో బి. ఏ. పరీక్షయందు ప్రథములుగా నిలిచిరి.

ఇంతటి ప్రతిభ గలవారికి ఆ కాలమున ఏ మార్గము తెరువబడి యుండెను? ఇంగ్లండునకు పోయి చదువుదమన్న, ఆ దేశపు శీతలమునకు ఈ దుర్బలశరీరము తాళజాలదని వైద్యాధికారి నిర్ణయించెను. శాస్త్రపరిశోధనచే జీవనము గడుపు వసతి మన దేశమున దాదాపు లేదు. అందుచే రామన్‌గారు ప్రభుత్వపు ఆర్థికశాఖ పరీక్షకు సిద్ధపడిరి. చరిత్రము, అర్థశాస్త్రము మున్నగు తమకు క్రొత్తవైన విషయములను పఠించి, 1907లో ప్రథమస్థానము నందిరి. ఆ సంవత్సరముననే లోకసుందరమ్మగారిని వివాహమాడి, పదునెనిమిదేండ్ల ప్రాయమున కలకత్తాలో అసిస్టెంటు అక్కౌంటెంటు జనరల్ పదవిలో ప్రవేశించిరి.

శాస్త్రజ్ఞుడు కావలసినవాడు లెక్కల కచ్చేరీలో చేరుట పతనమని కొందరు తలపవచ్చును. మేమట్లు తలపము. కుటుంబభారము నెరిగి, ముందుగా జీవనాధారమును కుదుర్చుకొనుట తెలివియే గాని పిరికితనము గాదు. అయితే ఆ యాధారమునకే తమ జీవితమెల్ల ధారవోయకుండుటయందు వారి విశేషమున్నది. కలకత్తాలో బౌబజారు వీథియందు 1876లో మహేంద్రలాల్ సర్కారుగారు స్థాపించిన విజ్ఞానపరిషత్తు యొకటి యుండెను. రామన్‌గారు దాని పలకను చూచి లోనికేగి, అందు పనిచేయుటకు అనుమతి వడసిరి. తెల్లవారకమున్నే అచ్చటికి పోవుట, పిమ్మట కచ్చేరీ పని, సాయంకాలము మరల అచ్చటనే రాత్రి ప్రొద్దుపోవువరకు ప్రయోగములు, ఇది వారి దినచర్య. రంగూనునకును నాగపూరునకును బదిలీయైనపుడు సైతము ఈ కృషిని మానలేదు.

ఇట్లు పదియేండ్లు గడచెను. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయమునందలి పాలిత్ ఆచార్యపీఠము వారికి లభించెను. అందలి వేతనము తమ ప్రభుత్వోద్యోగపు వేతనములో ఇంచుమించు సగము. ఆర్థికశాఖలో నిలిచినయెడల మరియు నున్నతపదవులు నిశ్చయము. అయినను దానిని విడిచి సగము జీతమునకు సమ్మతించిరి. ఇది లెక్క తెలియనివాడు చేసిన సాహసము గాదు. లెక్కలయందే పదియేండ్లు గడపినవారు చేసిన నిర్ణయము. ఎంత వచ్చుననునది ఒక ప్రశ్న, ఎంత కావలెననునది వేరొక ప్రశ్న. రెండవదానికి సమాధానము తెలిసినవానిని మొదటిది అంతగా భయపెట్టజాలదని మాకు తోచుచున్నది. చేత నేమియు లేనివాడు ఉద్యోగము మానుట మాత్రము ఈ చరిత్రమునందలి పాఠము గాదు.

తరువాతి కథ జగద్విదితము. 1928వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన, స్వల్పవ్యయముతో సమకూర్చిన పరికరములతోడనే, రామన్ ఎఫెక్టు అను కాంతివిశేషము కనుగొనబడెను. 1930లో నోబెల్ బహుమాన మందెను. అంత కీర్తి వచ్చిన పిదప సైతము ధనమునకై శ్రమ తీరలేదు. 1948లో బెంగుళూరున తమ పరిశోధనాలయమును స్థాపించుటకు ఊరూర తిరిగి విరాళములు వేడిరి. ఆరంభమున అందు విద్యుచ్ఛక్తి లేకపోగా సూర్యకాంతితోనే ప్రయోగములు సాగించిరి. సత్కార్యమునకై చేయి చాచుటకు సిగ్గుపడలేదు. నిబంధనలతో కూడిన ద్రవ్యమునకు లోబడుటకు మాత్రము ఇష్టపడలేదు. 1970వ సంవత్సరము నవంబరు 21వ తేదీన పరమపదించిరి. వారి యాస్తి శాస్త్రసేవకే చెందినది.

ప్రియవిద్యార్థులారా! చింతకు రూపము లేదు. అంకెకు రూపము గలదు. చీకటిలో రూపము లేనిది కొండంతగా కనుపట్టును. ఇంటి రాబడి యెంత, వ్యయమెంత, బాకీ యెంత యని ఒక కాగితముపై వ్రాసికొని చూడుడు. బాకీ దానిచే తీరదు. కాని భయము తన కొలతకు దిగివచ్చును, నేడు చేయదగిన పని యేదో కనబడును. జీతము కట్టలేని స్థితి యున్నచో దాచిపెట్టక తల్లిదండ్రులతోను ఉపాధ్యాయులతోను చెప్పుడు. అడుగుటయందు అవమానము లేదని ఆ నోబెల్ బహుమానగ్రహీతయే చూపెను. పది రూపాయల సంపాదనతో మొదలైన యింటి బాలుడు నడచిన వన్ టౌను వీథులలోనే నేడు మీరును పుస్తకములు చేతబట్టి నడచుచున్నారు. ఇంటి లేమి నిజమే కావచ్చును. రేపటి పాఠమును నేటి రాత్రి చదువుకొనుటకు అది అడ్డు రాకుండునుగాక.