బెంగుళూరు నాగరత్నమ్మగారు

మన ఇండ్లలో ఆడపిల్లలు త్యాగరాజస్వామివారి కృతులు నేర్చుకొనుచున్నారు. తిరువైయారులో ఆ స్వామి సమాధికి గుడి కట్టించిన మహనీయురాలు మన ఊరి పేరుతోనే ప్రసిద్ధి చెందినారు. ఆమె చరిత్ర మన కుటుంబములవారు తెలిసికొనదగినది.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరు సీమలోని నంజనగూడులో దేవదాసి కుటుంబమున జన్మించిరి. తల్లి పుట్టలక్ష్మమ్మగారు ఎన్నో కష్టములకోర్చి కూతురునకు చదువు, సంగీతము చెప్పించిరి. ఆ తల్లి త్వరలోనే గతించిరి. నాగరత్నమ్మగారు బెంగుళూరులో సాధన చేసి పేరు గడించి, పిమ్మట చెన్నపట్నము చేరి, స్వార్జితముతో గౌరవముగా జీవించిరి. కన్నడ సంస్కృతములతోపాటు తెలుగు కావ్యములను శ్రద్ధగా చదివిన విదుషి ఆమె.

18వ శతాబ్దమున తంజావూరిలో ముద్దుపళని రచించిన ‘రాధికా సాంత్వనము’ను 1910లో వావిళ్ళవారిచేత సమగ్రముగా అచ్చువేయించిరి. వితంతువులకొరకు లోకమునెదిరించిన వీరేశలింగం పంతులుగారే ఆ కవయిత్రిని వేశ్యయని, ఆమె శృంగారవర్ణనలను అసభ్యములని గర్హించియుండిరి. పురుషులు వ్రాసిన తప్పుకానిది స్త్రీ వ్రాసిన తప్పెట్లగునని నాగరత్నమ్మగారు ప్రశ్నించిరి. ప్రభుత్వము గ్రంథమును నిషేధించినది. ఏండ్ల తరువాత నిషేధము తొలగి, 1952లో అది మరల అచ్చయినది.

త్యాగయ్యగారు 1847లో సిద్ధి పొందిరి. వారి సమాధి పాడుపడినదని తెలిసి నాగరత్నమ్మగారు తన సొమ్ముతో గుడి కట్టించిరి. ఆ గుడికి కుంభాభిషేకము జరిగినది. అయినను ఆరాధనలో స్త్రీలు పాడరాదని పెద్దలు అడ్డుపడిరి. గుడి కట్టించిన చేతులకు తంబురా పట్టు హక్కు లేకపోయినది! ఆమె అలిగి ఇంట కూర్చుండలేదు. సమాధి వెనుకవైపున స్త్రీలచేతనే ఆరాధన జరిపించిరి. 1940 ప్రాంతమున పక్షములన్నియు కలిసి ఉత్సవమొకటైనది, స్త్రీలకును అందు చోటు దొరకినది.

1952 మే 19న ఆమె తిరువైయారులోనే కన్నుమూసిరి. త్యాగయ్యగారి సన్నిధికెదురుగా ఆమె సమాధి నేటికిని ఉన్నది.

ఆమెను కొనియాడునపుడు దేవదాసి యను మాటను మనలో కొందరు మింగివేయుదురు. ఆమె మాత్రము తన పుట్టుకను దాచలేదు, దానికి తలవంచుకొననూ లేదు. పరాయిచోట బ్రతుకు మనకు నలుగురేమందురో యను జంకు మరింత ఎక్కువ. పిల్ల వేదికనెక్కుటకు, ఇష్టమైన చదువు చదువుటకు ఆ జంకే అడ్డు వచ్చుచున్నది. ఆ నలుగురినడిగియుండిన తిరువైయారు గుడి లేచెడిదికాదు. ఈ ఉగాదినాడు మన పిల్లలకు ఆమె కీర్తితోపాటు ఆమె పుట్టుకనుగూడ చెప్పుదము.