జీవశక్తి అన్వేషి యల్లాప్రగడ సుబ్బారావు

మానవ శరీరం మొత్తం బరువులో మెదడు వాటా నూటికి రెండు పాళ్లు మాత్రమే. కాని శరీరం వినియోగించే శక్తిలో దాదాపు ఐదో వంతును అదొక్కటే ఖర్చు చేస్తుంది. మనిషి మేల్కొని ఉన్నా, గాఢనిద్రలో ఉన్నా ఆ వ్యయం ఆగదు. ఆలోచనకు, జ్ఞాపకానికి, మాటకు ఆధారమైన ఆ శక్తి జీవకణంలో ఏ రూపంలో ఉంటుందన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో శాస్త్రజ్ఞులను ఎంతగానో వేధించింది. ఆ ప్రశ్నకు సమాధానం కనుగొన్న అతికొద్దిమందిలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించాడు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ముందుగానే ఉద్యోగం మానుకోవలసి రావడంతో ఏడుగురు సంతానం గల ఆ కుటుంబం పేదరికంలో పడింది. రాజమహేంద్రవరంలో చదువుతున్న సుబ్బారావుకు పాఠాలపై మనసు నిలువలేదు. పదమూడేళ్ల ప్రాయంలో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడించాలన్న ఆశతో ఇల్లు విడిచి బయలుదేరాడు. పెద్దలు వెదకి వెనుకకు తీసుకువచ్చారు. కుమారుని చదువు విషయంలో వెంకమ్మ పట్టు విడువలేదు. చివరకు మద్రాసులోని హిందూ ఉన్నత పాఠశాలలో చేరి, మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ గట్టెక్కాడు.

ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో ఆయన దృష్టి ఆధ్యాత్మికత వైపు మళ్లింది. రామకృష్ణ మఠంలో చేరి సన్యాసం స్వీకరించాలని తలచాడు. తల్లి అందుకు అంగీకరించలేదు. వైద్యుడైతే దీనులకు సేవ చేసే అవకాశం లభిస్తుందన్న భావనతో మద్రాసు వైద్య కళాశాలలో ప్రవేశించాడు. గాంధీజీ పిలుపునకు స్పందించి ఖద్దరు ధరించడం ఆంగ్లేయుడైన శస్త్రచికిత్సాచార్యునికి రుచించలేదు. ఫలితంగా సుబ్బారావుకు పూర్తిస్థాయి ఎం.బి.బి.ఎస్. పట్టానికి బదులు తక్కువ స్థాయిదైన ఎల్.ఎం.ఎస్. పట్టం మాత్రమే దక్కింది. ఆ పట్టంతో ప్రభుత్వ వైద్యసేవలో స్థానం దొరకలేదు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణశాస్త్ర బోధకుడిగా చేరాడు.

ఇంతలో ఆ కుటుంబంపై పిడుగు పడింది. ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల వ్యవధిలో కన్నుమూశారు. ఆహారం వంటబట్టక, రక్తం క్షీణించి మనిషి కృశించిపోయే సంగ్రహణి వ్యాధి ఆ ఇంటిని పట్టి పీడించింది. సుబ్బారావు కూడా దాని పాలబడి, ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో బతికి బయటపడ్డాడు. వైద్యుడై ఉండి కూడా తన వారిని కాపాడుకోలేకపోయానన్న వేదన ఆయనను పరిశోధన వైపు నడిపించింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ, మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి చేసిన ఆర్థిక సహాయంతో అమెరికాకు బయలుదేరాడు. 1919లో వివాహమాడిన శేషగిరిని పుట్టినింట విడిచి, 1922 అక్టోబరులో బోస్టన్ నగరంలో అడుగుపెట్టాడు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల విభాగంలో చేరిన సుబ్బారావుకు విద్యార్థి వేతనం లభించలేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్ర పాత్రలను శుభ్రపరిచే పనికి కుదిరాడు. పగలు చదువు, రాత్రి ఊడిగం. డిప్లొమా పూర్తిచేసిన పిదప జీవరసాయన శాస్త్ర విభాగంలో సైరస్ ఫిస్కే వద్ద పరిశోధనకు చేరాడు.

రక్తంలోను, మూత్రంలోను, కణజాలంలోను ఉండే అతిస్వల్పమైన భాస్వరాన్ని కచ్చితంగా కొలవడం ఆనాడు కష్టసాధ్యమైన పని. ఫిస్కే, సుబ్బారావులు అందుకొక సులభ మార్గం కనిపెట్టి 1925లో ప్రకటించారు. పరీక్షించవలసిన ద్రవంలో ఆమ్లంతో కూడిన మాలిబ్డేట్‌ను, ఆపై మరొక రసాయనాన్ని కలిపితే నీలిరంగు పుడుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువగా ఉంటే నీలం అంత చిక్కబడుతుంది. ఆ రంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ పరిమాణాన్ని లెక్కగట్టవచ్చు. ఇదే ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది.

ఈ పద్ధతే మరొక గొప్ప ఆవిష్కరణకు దారిచూపింది. కండరాల నుండి తీసిన ద్రవంలో నీలిరంగు రావలసినంత త్వరగా రాలేదు. మరొకరైతే దానిని పరీక్షలోని లోపమని తోసిపుచ్చేవారేమో! సుబ్బారావు అలా చేయలేదు. ఆ ఆలస్యానికి కారణం వెదికాడు. కండరంలో ఫాస్ఫేట్ కొంత భాగం విడిగా కాక క్రియాటిన్ అనే పదార్థంతో జతకూడి ఉందని, ఆమ్లం తగిలినప్పుడు ఆ జంట మెల్లగా విడిపోతున్నదని తేలింది. ఆ విధంగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ ఉనికి వెల్లడైంది. ఇంచుమించు అదే కాలంలో ఇంగ్లండులోని ఎగిల్టన్ దంపతులు కూడా ఆ పదార్థాన్ని గుర్తించారు. 1929లో ఫిస్కే, సుబ్బారావులు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అంటే ఏ.టి.పి.ని వేరుచేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఆ ఏడాదే స్వతంత్రంగా దానిని కనుగొన్నాడు. కండర చలనానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న నాటి సిద్ధాంతం వీటి వల్ల సడలిపోయింది.

ఏ.టి.పి. జీవకణానికి చేతిలోని రొక్కం వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ అక్కరకు దాచుకున్న నిలువ ధనం వంటిది. రొక్కం తరిగినప్పుడు నిలువలోని ఫాస్ఫేట్‌ను తెచ్చి ఏ.టి.పి.ని తిరిగి తయారు చేసేది క్రియాటిన్ కైనేజ్ అనే ఎంజైము. ఈ ఏర్పాటు కండరాలలోనే కాక మెదడులోనూ ఉన్నది. నాడీకణాల లోపలి సోడియాన్ని వెలికి పంపి, పొటాషియాన్ని లోనికి తెచ్చే మరొక ఎంజైము కూడా ఏ.టి.పి.నే ఖర్చు చేస్తుంది. ఆ పని ఆగితే నాడీ సంకేతాలు ఆగిపోతాయి.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో సుబ్బారావుకు శాశ్వత ఆచార్య పదవి లభించలేదు. 1930లో డాక్టరేటు పొందిన తరువాత పదేళ్లు అక్కడే శ్రమించి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో గల లెడర్లీ ప్రయోగశాలలకు మారాడు. 1942లో పరిశోధనా విభాగానికి అధిపతి అయ్యాడు. ఆయన నాయకత్వంలోని శాస్త్రవేత్తల బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. అది సంగ్రహణి రోగులకు ప్రాణాధారమైంది. తన సోదరులను పొట్టనబెట్టుకున్న జబ్బుపై సుబ్బారావు ఆ విధంగా విజయం సాధించాడు. గోదావరి తీరవాసులను పీడించిన బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ ఆయన బృందం కృషి ఫలితమే. ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన అమినాప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ బాలల రక్తకేన్సరుకు చికిత్స ఆరంభించాడు. మెథోట్రెక్సేట్ కూడా ఆ కోవలోనిదే. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ ఆ ప్రయోగశాలల మరొక కానుక.

అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. స్వదేశానికి తిరిగి రానేలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు పసితనంలోనే మరణించాడు. ఆ బిడ్డ ముఖాన్ని తండ్రి చూడలేదు. శేషగిరి ఎదురుచూపులు ఫలించలేదు. లోకానికి ఆయన చేసిన మేలు వెనుక ఆ ఇల్లాలు మోసిన వియోగభారం కూడా ఉన్నదని మనం మరువరాదు.

సుబ్బారావు మతిమరుపు వ్యాధులపై పరిశోధన చేయలేదు. అయినా నేటి మెదడు పరిశోధనకు ఆయన కృషి పునాదులలో ఒకటి. జర్మన్ వైద్యుడు అలోయిస్ అల్జైమర్ 1906లో వివరించిన వ్యాధిలో మెదడు కణాల నడుమ మాంసకృత్తుల పొరకలు, కణాల లోపల చిక్కుముడులు ఏర్పడతాయి. చిక్కుముడులకు మూలం టౌ అనే మాంసకృత్తి. కైనేజులనే ఎంజైములు ఏ.టి.పి. నుండి ఫాస్ఫేట్‌ను తీసి టౌకు అతికిస్తాయి. ఫాస్ఫటేజులనే ఎంజైములు దానిని తొలగిస్తాయి. ఈ రెంటి సమతౌల్యం చెడినప్పుడు టౌపై ఫాస్ఫేట్ మామూలు కంటే మూడు నాలుగు రెట్లు పేరుకుంటుంది. అప్పుడు అది కణంలోని ఆధారాల నుండి ఊడి చిక్కుపడుతుంది. ఫోలిక్ ఆమ్లానికి కూడా ఈ కథలో కొంత పాత్ర ఉన్నది. ఫోలిక్ ఆమ్లం, బి-12 విటమిన్ కొరవడితే రక్తంలో హోమోసిస్టీన్ పెరుగుతుంది. అది అధికంగా ఉన్నవారిలో అల్జైమర్ వ్యాధి ముప్పు ఎక్కువని అధ్యయనాలు సూచించాయి. అయితే ఆ విటమిన్లు అల్జైమర్ వ్యాధిని నయం చేస్తాయని రుజువు కాలేదు.

ఈ అన్వేషణ నేడు తెలుగునేలపైనా సాగుతున్నది. ఒకప్పుడు బండరాళ్లతో నిండిన హైదరాబాదు పడమటి శివారున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై, హైటెక్ సిటీకి శ్రీకారం చుట్టింది. దానికి చేరువలో ఉన్న గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయపు జీవశాస్త్ర విభాగాలు, అంతర్జాతీయ సమాచార సాంకేతిక విజ్ఞాన సంస్థ ఉన్నాయి. ఆ సంస్థ పరిశోధకులు వందమంది యువతీయువకుల మెదళ్ల చిత్రాల ఆధారంగా 2019లో భారతీయుల మెదడు పటాన్ని వెలువరించారు. పాశ్చాత్యుల కొలతలతో కాక మనవారి కొలతలతో అల్జైమర్ వంటి వ్యాధులను తొలిదశలోనే పసిగట్టడానికి అది తోడ్పడగలదని వారి ఆశయం. కచ్చితమైన కొలత నుండే నిజమైన జ్ఞానం పుడుతుందని నూరేళ్ల కిందట సుబ్బారావు నీలిరంగుతో నిరూపించిన సత్యమే ఇక్కడ కంప్యూటరు తెరపై కొనసాగుతున్నది.

సుబ్బారావు శతజయంతి సందర్భంగా 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్లను విడుదల చేసింది. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. అయితే వీటన్నింటి కంటె మిన్నయైన స్మారకం మరొకటి ఉన్నది. మెట్రిక్యులేషన్‌లో రెండుమార్లు తప్పిన ఆ బాలుడు, పరాయిదేశంలో రాత్రివేళ ఊడిగం చేసిన ఆ యువకుడు, గాజునాళికలో రంగు ఆలస్యంగా రావడాన్ని తేలికగా తీసుకోలేదు. చిన్న విషయాన్ని సైతం నిర్లక్ష్యం చేయని ఆ శ్రద్ధను అలవరచుకోవడమే విద్యార్థులు ఆయనకు అర్పించగల నిజమైన నివాళి.