మాకీ ఏమన్నాడు?

మా అక్క ఐర్లండ్‌లోని లిమెరిక్‌లో ఎం.ఎస్. చేస్తోంది. ఒకరోజు ఏదో చిన్న హోటల్లో కూర్చుని వీడియో కాల్ చేసింది. తను కాలేజీ గురించి చెప్తూనే ఉంది, నా కళ్లు మాత్రం వెనకాల గోడ మీద ఉన్న బ్లాక్ అండ్ వైట్ ఫోటో దగ్గర ఆగిపోయాయి. అందులో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వచ్చి ఒకరినొకరు దాటుతున్నారు. ఒకాయన తెల్ల కోటులో నవ్వుతున్నాడు. రెండో ఆయన చేతికి దెబ్బ తగిలి గ్రౌండ్ బయటికి వెళ్తున్నాడు. ఇద్దరూ ఏదో అనుకుంటున్నట్టే ఉంది.

"ఎవరక్కా వాళ్లు?" అన్నాను. అక్క వెళ్లి హోటలాయన్ని అడిగింది. ఆయన మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు, అక్క టీ చల్లారిపోయింది. అక్క నాకు చెప్పింది అందులో పావు వంతు కూడా ఉండదు. మిగతాది నేనే వెతుక్కున్నాను. ఆ వారం ఇంటర్నల్స్ ఎలా రాశానో మాత్రం అడక్కండి.

ఆ తెల్ల కోటాయన పేరు మిక్ మాకీ. ఆయన ఆడిన ఆట పేరు హర్లింగ్. మన క్యాంపస్‌లో ఈ ఆట పేరు విన్నవాళ్లు పదిమంది ఉంటే ఎక్కువే కాబట్టి ముందు ఆట సంగతి చెప్తాను. జట్టుకి పదిహేను మంది. అందరి చేతుల్లో యాష్ చెట్టు కర్రతో చేసిన, చివర వెడల్పుగా ఉండే బ్యాటు లాంటిది ఉంటుంది. బంతి తోలుది, చిన్నది, గట్టిది. గోల్ పోస్టుల మధ్య అడ్డకర్రకి కింద నుంచి వెళ్తే గోల్, మూడు పాయింట్లు. పైనుంచి వెళ్తే ఒక్క పాయింటు. అందుకే స్కోరు 2-5 అని రాస్తారు, అంటే రెండు గోల్స్, అయిదు పాయింట్లు, మొత్తం పదకొండు. మాకీ రోజుల్లో హెల్మెట్లు లేవు. డబ్బులూ లేవు. ఆడేవాళ్లంతా పొద్దున పనికి వెళ్లేవాళ్లే.

మాకీ కూడా అంతే. 1912లో లిమెరిక్ పక్కనే ఉన్న కాజిల్‌కానెల్‌లో పుట్టాడు. అక్కడి కరెంటు బోర్డులో డ్రైవరుగా పనిచేశాడు. మన ఈఈఈ వాళ్ల కోసం ఒక ముక్క: ఆ ఊరికి దగ్గర్లోనే షానన్ నది మీద ఆర్డ్‌నక్రూషా జలవిద్యుత్ కేంద్రం ఉంది. సీమెన్స్ వాళ్లు కట్టారు, 1929లో మొదలైంది. ఐర్లండ్ పల్లెలకి కరెంటు రావడంలో దానిది పెద్ద చెయ్యి. (ఈ ఒక్క పేరా చదివి మా హెచ్.ఓ.డి. సార్ నన్ను క్షమిస్తారని ఆశ.)

మాకీ వాళ్ల నాన్న కూడా లిమెరిక్ ఆటగాడే. ఆయన కెప్టెన్‌గా ఉన్న 1910 ఆల్ ఐర్లండ్ ఫైనల్లో లిమెరిక్ ఒక్క పాయింటు తేడాతో ఓడిపోయింది. ఈ ఒక్క పాయింటుని గుర్తు పెట్టుకోండి.

మాకీ క్లబ్ పేరు అహేన్. ఊరు చిన్నదే అయినా 1933 నుంచి వరసగా ఏడేళ్లు జిల్లా టైటిల్ వేరే ఎవరికీ దక్కనివ్వలేదు. తమ్ముడు జాన్ కూడా అదే జట్టు. మాకీ గొప్పతనం ఏంటంటే పరుగు. బంతిని కర్ర చివర నిలబెట్టుకుని గ్రౌండ్ మధ్యలోంచి దూసుకెళ్లేవాడు. చిన్నప్పుడు స్కూల్లో నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని పరిగెత్తే పందెం ఆడాం కదా? అదే పందెం, కాకపోతే చుట్టూ పదిహేను మంది కర్రలతో మీద పడుతుంటే. అదీ మాకీ ఆట. భుజాలు గట్టివి, ఎవరైనా అడ్డొస్తే పక్కకి తప్పుకోడు, వాళ్ల మీంచే వెళ్తాడు. వెళ్తూ నవ్వుతాడు కూడా.

1933 ఫైనల్లో కిల్‌కెనీ చేతిలో ఓటమి. 1934లో డబ్లిన్ మీద మొదటి మ్యాచ్ డ్రా, రెండోసారి ఆడి గెలిచారు. ఇక 1935. మళ్లీ కిల్‌కెనీ, కుండపోత వాన. చివరి నిమిషాల్లో లిమెరిక్ ఒక్క పాయింటు వెనకపడి ఉంది. గోల్ దగ్గర్లో ఫ్రీ హిట్ దొరికింది. పైనుంచి కొడితే డ్రా. కెప్టెన్ టిమ్మీ రయాన్ కొట్టడానికి సిద్ధమవుతుంటే మాకీ వచ్చి ఆయన్ని పక్కకి తప్పించి తనే కొట్టాడని చెప్పుకుంటారు. బంతి పోస్టు ముందే పడిపోయింది. కిల్‌కెనీ వాళ్లు అవతలికి కొట్టేశారు. 2-5, 2-4. నాన్న ఓడిన తేడాతోనే కొడుకూ ఓడాడు.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ల్యాప్‌టాప్ మూసేశాను. పోయినేడు ఇంటర్ బ్రాంచ్ క్రికెట్ ఫైనల్లో చివరి బంతికి టై కావాలంటే ఒక్క పరుగు చాలు. మా కెప్టెన్ దగ్గరికొచ్చి సింగిల్ తియ్యరా అన్నాడు. నేను సిక్స్‌కి లేపాను. బౌండరీ దగ్గర క్యాచ్. మా కెప్టెన్ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఇంకా ఇబ్బంది. నెల రోజులు మెస్సులో వాడి బల్ల దగ్గర కూర్చోలేదు నేను.

మాకీ ఏం చేశాడు? ఆ తర్వాతి ఏడాది కెప్టెన్సీ ఆయన చేతికే వచ్చింది. 1936లో జట్టు అమెరికా వెళ్లొచ్చింది, మాకీ మోకాలికి దెబ్బ. ఎదుటివాళ్లు సరిగ్గా అక్కడే కొడతారని తెలుసు. అందుకని బాగున్న మోకాలికి పెద్ద కట్టు కట్టుకుని దిగాడట! టిప్పరరీతో జరిగిన ఆ మన్‌స్టర్ ఫైనల్లో ఆయన ఒక్కడే 5-3 కొట్టాడు, అంటే పద్దెనిమిది. కట్టు కథ నిజమో కాదో గానీ స్కోరు మాత్రం రికార్డుల్లో ఉంది. ఆల్ ఐర్లండ్ ఫైనల్లో అదే కిల్‌కెనీని 5-6, 1-5తో చిత్తు చేశారు. 1940లో మళ్లీ ఆయన కెప్టెన్‌గానే, మళ్లీ కిల్‌కెనీ మీదే గెలిచారు. మొత్తం మూడు ఆల్ ఐర్లండ్ పతకాలు.

ఇక ఫోటోలో రెండో ఆయన. క్రిస్టీ రింగ్, కార్క్ జట్టు, మాకీ కన్నా ఎనిమిదేళ్లు చిన్న. ఆయన ఖాతాలో ఎనిమిది పతకాలు. ఇద్దరిలో ఎవరు గొప్ప అని అక్కడ మొదలెడితే మన దగ్గర ఎన్టీఆర్, ఏఎన్నార్ గొడవే. 1944లో యుద్ధం వల్ల పెట్రోలు లేదు. జనం వందల కొద్దీ సైకిళ్లెక్కి థర్లెస్ చేరారు, అందుకే దాన్ని సైకిల్ ఫైనల్ అంటారు. మొదటి మ్యాచ్ డ్రా. రెండోదాని చివర్లో మాకీ అందర్నీ దాటుకుని బంతిని గోల్లో వేశాడు. కానీ అంతకు ముందే రిఫరీ ఈల వేశాడు, మాకీనే ఎవరో పట్టుకున్నారని ఫ్రీ హిట్ ఇచ్చాడు. మేలు చేయబోయి గోల్ తీసేశాడన్నమాట. ఆ ఫ్రీ హిట్ బయటికి పోయింది. ఆ తర్వాత రింగ్ బంతి పట్టుకుని చాలా దూరం పరిగెత్తి గోల్ కొట్టాడు. కార్క్ గెలిచింది.

మాకీ 1947లో ఆట మానేశాడు. లిమెరిక్ డీలా పడిపోయింది. 1955లో ట్రైనర్‌గా ఆయన చేతికి వచ్చినవాళ్లు చాలామంది కుర్రాళ్లు, సన్నటి వాళ్లు. తనలా భుజాలతో గుద్దుకుంటూ వెళ్లమంటే విరిగిపోతారు. నాకు ఆయనలో బాగా నచ్చింది ఇక్కడే. తన ఆటని వాళ్ల మీద రుద్దలేదు. వాళ్ల దగ్గర ఉన్నది వేగం, ఆ వేగానికే పదును పెట్టాడు. వేట కుక్కల్లా పరిగెత్తుతున్నారని ఆ జట్టుకి మాకీ గ్రేహౌండ్స్ అని పేరొచ్చింది. ఆ ఏడాది కార్క్‌నీ టిప్పరరీనీ ఓడించి వచ్చిన క్లేర్ జట్టే మన్‌స్టర్ గెలుస్తుందని అందరూ అనుకున్నారు. గ్రేహౌండ్స్ క్లేర్‌కి ఊపిరాడనివ్వలేదు. ఆల్ ఐర్లండ్ సెమీస్‌లో మాత్రం వెక్స్‌ఫర్డ్ ఆపేసింది, కప్పు కూడా వాళ్లే కొట్టారు.

మరుసటి ఏడాది మాకీ తీర్చిదిద్దిన ఆ కుర్రాళ్లే మన్‌స్టర్ ఫైనల్లో కార్క్‌ని దాదాపు ఓడించేశారు. చివర్లో కొన్ని నిమిషాల్లోనే మూడు గోల్స్ పడ్డాయి. మూడూ రింగ్‌వే.

ఆ తర్వాతి ఏడాది, 1957లో తీసిందే ఆ ఫోటో. మ్యాచ్ కార్క్‌ది. రింగ్ మణికట్టుకి దెబ్బ తగిలి బయటికి నడుస్తున్నాడు. మాకీ ఆ రోజు గోల్ దగ్గర అంపైర్, అందుకే తెల్ల కోటు. 1944 సైకిళ్లు, నిరుడు పడ్డ మూడు గోల్స్, అన్నీ ఆ ఇద్దరి మధ్య ఉన్న నాలుగడుగుల జాగాలో ఉన్నాయి. ఒకరు ఏదో అన్నారు, రెండో వారు ఏదో అన్నారు. రింగ్ 1979లో పోయాడు, మాకీ 1982లో. ఏమన్నారో ఇద్దరూ బయటపెట్టలేదని చెప్పుకుంటారు. లిమెరిక్ స్టేడియంలో ఒక స్టాండ్‌కి మాకీ పేరు పెట్టారు. అక్క అక్కడికెళ్లి ఫోటో పంపింది.

నేను మొన్న మెస్సులో మా కెప్టెన్ బల్ల దగ్గరికి ప్లేటు పట్టుకుని వెళ్లాను. వాడు తలెత్తి చూసి, పక్క కుర్చీ మీదున్న బ్యాగు తీసి కింద పెట్టాడు.