ఆధారము నడిగిన చరిత్రకారుడు

అక్షరములు వచ్చినంతనే విజ్ఞానము రాదు. చదివినదాని సత్యాసత్యములను విచారింపవలెను. దీనిని తెలుగువారికి చేతలతో నేర్పినవారు కొమర్రాజు వెంకటలక్ష్మణరావుగారు.

వారు 1877లో కృష్ణామండలమందలి పెనుగంచిప్రోలున జన్మించి, నాగపురమున విద్య నభ్యసించి, ఎం.ఏ. పట్టభద్రులైరి. మునగాల సంస్థానపు దివానుగిరిలో నుండియు విద్యావ్యాప్తికై పాటుపడిరి. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిన వారిలో ముఖ్యులు. మండలి గ్రంథములవలన చరిత్రము, ప్రకృతిశాస్త్రములు తెలుగు పాఠకుని చేతికందినవి. చరిత్రరచనలో కర్ణాకర్ణిగా వచ్చిన కథలను నమ్మక, శాసనములను పరిశోధించిరి.

ఏ సంగతినైనను తెలుగునందే వెదకికొనుటకు వీలుగా ఆంధ్రవిజ్ఞానసర్వస్వము నారంభించిరి. మూడు సంపుటములు వెలువడినవి. పని ముగియకమునుపే, 1923లో, 46 ఏండ్ల ప్రాయమున కన్నుమూసిరి. ఆధారము నడిగి చదువు విద్యార్థి యున్నంతకాలము వారి కృషి సాగుచున్నట్లే.