పాటలో అప్పజెప్పిన లెక్క

మాది కోదాడ దగ్గరి పల్లె. సాగరు ఎడమకాలువ కింద నాలుగెకరాల వరి పొలం మా బతుకు. పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతాయి, నేను సూర్యాపేటకు చదువుకు వచ్చాను. బి.ఎస్సీ. చదివేవాడికి సంగీతం గురించి రాసే అర్హత ఏముందని మిత్రులు నవ్వవచ్చు. నిజమే, ఏ అర్హతా లేదు. స్వరాలు ఏడని తెలుసు, ధ్వని తరంగదైర్ఘ్యం లెక్క కట్టడం తెలుసు, అంతే. అయినా ఒక వాగ్గేయకారుని గురించి నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మొదటి సంవత్సరంలో ఒక రాత్రి హాస్టల్లో కరెంటు పోయింది. అందరం వరండాలో చేరాం. ఎవరికి ఏ సంగీతకారుడు ఇష్టమన్న మాట వచ్చింది. ఒకడు త్యాగరాజన్నాడు. శ్రీరాగంలో ఎందరో మహానుభావులు వింటే తనకు ఒళ్ళు పులకరిస్తుందన్నాడు. ఇంకొకడు దీక్షితుల వాతాపి గణపతిం పేరు చెప్పాడు. పట్నం నుంచి వచ్చిన మిత్రుడు జర్మనీ దేశపు బాఖ్ పేరెత్తాడు. నా వంతు వచ్చేసరికి నోరు పెగల్లేదు. శాస్త్రీయ సంగీతం మా గడప తొక్కలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది. నిద్రొస్తోందని లేచి లోపలికి పోయి పడుకున్నాను.

కాసేపటికి ఆ పట్నం మిత్రుడు తన ఫోనులో బాలమురళీకృష్ణ గారి పాట పెట్టాడు. ఆనందభైరవి రాగమని ఎవరికో చెబుతున్నాడు. నేను దిగ్గున లేచి కూర్చున్నాను. అది పలుకే బంగారమాయెనా! మా నాయన శనివారం రాత్రి రామాలయంలో చిడతలు పట్టుకుని పాడే పాట. నాట్లప్పుడు గట్టుమీద కూర్చుని కూనిరాగం తీసే పాట. రాగం పేరు నాయనకు తెలియదు, నాకూ తెలియదు. పాట మాత్రం మా ఇంట్లో పుట్టి పెరిగిన మనిషంత దగ్గరిది. రాముడు తనతో మాట్లాడడం లేదని అలిగి, ఇసుకలో దొర్లిన ఉడుతపాటి చేయనా అని దెప్పే ఆ గొంతు ఎవరిదో తెలుసుకోవాలని ఆనాడే అనిపించింది.

తెలుసుకుంటే ఆయన మన పొరుగువాడే. కోదాడ నుంచి ఖమ్మం వెళ్ళే దారిలో నేలకొండపల్లి తగులుతుంది. 17వ శతాబ్దం మొదటి సగంలో అక్కడ లింగన్న, కామాంబ అనే దంపతులకు పుట్టిన కంచెర్ల గోపన్నే తర్వాత భక్త రామదాసు అయ్యాడు. చిన్నప్పుడే రామభక్తి అబ్బింది. కబీరుదాసు వచ్చి రామమంత్రం ఉపదేశించాడని మన పెద్దలు చెబుతారు. కాని ఉత్తరదేశపు ఆ కబీరు అంతకు వంద ఏళ్ళ ముందే కాలం చేశాడు. కాబట్టి దాన్ని కథగానే తీసుకోవాలి. అయితే మన జనం ఒక రామభక్తునికి కబీరును గురువుగా నిలపాలనుకోవడంలోనే గొప్ప సంస్కారం ఉందని నాకు తోస్తుంది.

గోల్కొండను కుతుబ్‌షాహీలు ఏలుతున్న రోజులవి. 1672లో గద్దెనెక్కిన అబుల్ హసన్, మనం తానీషా అని పిలుచుకునే ప్రభువు, అక్కన్న మాదన్నలను కొలువులో పెద్ద పదవుల్లో ఉంచాడు. గోపన్నకు వాళ్ళు మేనమామలని ప్రతీతి. ఆ పలుకుబడితో గోపన్నకు పాల్వంచ పరగణా తహసీల్దారు ఉద్యోగం దొరికింది. రైతుల దగ్గర శిస్తు వసూలు చేసి సర్కారుకు జమకట్టడం ఆయన పని.

ఆ పరగణాలోనే గోదావరి ఒడ్డున భద్రాచలం ఉంది. పోకల దమ్మక్క అనే భక్తురాలు కొండమీద దేవుని విగ్రహాలను కనుగొని, పందిరి వేసి కొలిచేదని స్థలపురాణం. ఎండకూ వానకూ నిలిచిన ఆ దేవునికి గుడి కట్టాలని గోపన్న సంకల్పించాడు. చందాలు పోగుచేశాడు, చాలలేదు. చేతిలో శిస్తు పైకం ఉంది. దానితో గుడి కట్టించాడు, నగలు చేయించాడు. ఖజానాకు చేరవలసిన సొమ్ము ఆరు లక్షల వరహాలని జనశ్రుతి. లెక్క తేలలేదు. గోపన్నను గోల్కొండ చెరలో వేశారు. పన్నెండేళ్ళు ఉన్నాడని చెబుతారు.

నేను కిందటేడు కాలేజీ విహారయాత్రలో గోల్కొండ చూశాను. కోట ద్వారం దగ్గర చప్పట్లు కొడితే అంత ఎత్తున కొండమీది బాలాహిస్సారుకు వినబడుతుంది. ధ్వని పరావర్తనానికి అంతకన్నా మంచి ఉదాహరణ మన ఫిజిక్సు పుస్తకంలో లేదు. ఆ దారిలోనే రామదాసు బందీఖానా చూపిస్తారు. గోడమీద చెక్కిన సీతారామలక్ష్మణుల, హనుమంతుని బొమ్మలు ఆయనే చెక్కాడని చెబుతారు. అక్కడ నిలబడితే ఒక ఆలోచన వచ్చింది. కింది చప్పట్లు పైకి వినబడేలా కట్టిన కోటలో, అన్నేళ్ళపాటు ఒక మనిషి పాడిన పాట పైవాళ్ళ చెవిని పడలేదు!

ఆ పాటల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇక్ష్వాకు కులతిలక. అది వట్టి భక్తి పాట కాదు, తహసీల్దారు లెక్కపత్రం. భరతునికి ఏ నగ చేయించాడో, శత్రుఘ్నునికి, లక్ష్మణునికి, సీతమ్మకు ఏమేమి చేయించాడో, దేనికెంత పట్టిందో వరసగా ఏకరువు పెడతాడు. ఇదంతా మీ నాన్న ఇచ్చాడా, మీ మామ పంపాడా అని రామునే నిలదీస్తాడు. చివరకు దెబ్బలకు తాళలేక తిట్టాను, ఏమనుకోకని బతిమాలుకుంటాడు. కోపమూ ఆయనదే, క్షమాపణా ఆయనదే. జమాఖర్చుల పుస్తకాన్ని కన్నీళ్ళు తెప్పించే సంగీతంగా మార్చినవాడు ఇంకొకడు ఉన్నాడేమో నాకు తెలియదు.

పట్నం మిత్రుని బాఖ్ కూడా జైలు చూసినవాడే. 1717లో వేరే కొలువుకు పోతానన్నందుకు వైమార్ ప్రభువు ఆయనను దాదాపు నెలరోజులు నిర్బంధించాడు. ఆ సంగతి తెలిశాక మా ఇద్దరికీ వాదం లేకుండా పోయింది. ఎక్కడి జర్మనీ, ఎక్కడి నేలకొండపల్లి! కొలువు చేసి, చెర చూసి, పాటను మాత్రం విడవని మనుషులు అక్కడా ఉన్నారు, ఇక్కడా ఉన్నారు.

చివరకు రామలక్ష్మణులే రామోజీ లక్ష్మోజీలుగా వచ్చి తానీషాకు పైకం చెల్లించి రసీదు పుచ్చుకున్నారని కథ. తానీషా తప్పు తెలుసుకుని రామదాసును విడిపించి, గుడికి కానుకలిచ్చాడంటారు. నవమినాడు భద్రాచలంలో జరిగే కళ్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు సమర్పించే ఆచారాన్ని ఆనాటి నుంచి వచ్చిందనే చెబుతారు. కాలం మరో తీర్పు కూడా చెప్పింది. 1687లో గోల్కొండ ఔరంగజేబు వశమైంది. రామదాసును చెరలో ఉంచిన తానీషా తానూ బందీ అయి, దౌలతాబాదు కోటలో చెరలోనే కన్నుమూశాడు.

ఇక్కడ మా నాయన మాట చెప్పకపోతే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. కిందటి నవమి పందిట్లో పానకం తాగుతూ, గోల్కొండలో చూసినదంతా నాయనకు గొప్పగా చెప్పాను. నాయన అంతా విని, ఆ సొమ్ము ఎవరిదిరా అని అడిగాడు. సర్కారుదన్నాను. కాదు, రైతులదన్నాడు. నగల లెక్క పాటలో ఉంది, శిస్తు కట్టినవాడి పేరు ఏ పాటలో ఉందని అడిగాడు. పంట పోయిన ఏడు అప్పు తెచ్చి కట్టినవాళ్ళు ఉండరా అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అంతలోనే భజన మొదలైంది. నాయన చిడతలు తీసుకుని వెళ్ళి ముందు వరసలో కూర్చుని ఆ పాటే ఎత్తుకున్నాడు!

ఆ రాత్రంతా ఆలోచించాను. రామదాసు చేసింది చట్టం ప్రకారం తప్పే. భక్తి పేరు చెప్పి దాన్ని ఒప్పు చేయనక్కర లేదు. కాని ఆయన లెక్క దాచలేదు. ఏ నగకెంతో నోరారా చెప్పాడు, అనుభవించాడు. ఆ చెప్పడంలోంచి పుట్టిన పాటను కాపాడింది ఎవరు? పెద్ద పెద్ద కచేరీలు రాకముందు దాన్ని నోటినుంచి నోటికి దాటించింది మా నాయనలాంటి వాళ్ళే. శిస్తు కట్టినవాళ్ళ మనవలే ఆ పాటకు వారసులయ్యారు. త్యాగరాజంతటివాడు తన కీర్తనలో రామదాసు చెర విడిపించిన సంగతి తలచుకుని రాముని వేడుకున్నాడు. బాలమురళీకృష్ణ గారు ఆ కీర్తనలను రేడియోల ద్వారా, రికార్డుల ద్వారా ఇంటింటికీ మళ్ళీ చేర్చారు. పల్లె నుంచి కచేరీకి, కచేరీ నుంచి పల్లెకు అది తిరుగుతూనే ఉంది. ఇందులో శాస్త్రీయం ఎక్కడ ముగిసింది, మాది ఎక్కడ మొదలైంది?

మా పొలం తడిపే ఎడమకాలువ ముందుకు సాగి పాలేరు జలాశయంలో కలుస్తుంది. 2017లో ఆ పాలేరు నుంచి మెట్టపొలాలకు నీళ్ళెత్తిపోసే పథకం మొదలైంది. దానికి భక్త రామదాసు పేరే పెట్టారు. ఈ మాట నాయనకు చెబితే చాలాసేపు నవ్వాడు. బాకీలో కొంత ఇప్పటికి జమైందన్నాడు.

మిత్రులారా, సెలవులకు ఇళ్ళకు పోయినప్పుడు మీ ఊరి భజనలో ఒక గంట కూర్చోండి. పెద్దవాళ్ళు పాడేది విని, ఏ రాగమో తెలిసినవాళ్ళను అడగండి. ఇకమీదట వరండాలో ఎవరు అడిగినా నేను నిద్రొస్తోందని లేచిపోను. నాకు ఇష్టమైన వాగ్గేయకారుడు మా పక్కూరి తహసీల్దారని చెబుతాను. ఆయన పాటను నాకు మొదట వినిపించింది మా నాయనని కూడా చెబుతాను.