డాక్టరు కాలేకపోయిన అబ్బాయి



ఆదివారం కాళేశ్వరం వెళ్లినప్పుడు మీ బాబో పాపో గోదావరి ఒడ్డున జేబు నిండా గులకరాళ్లు ఏరుకుంటే మీరేం చేస్తారు? చెత్త అని పారేయిస్తారా? ఈ నెల కథ అలాంటి అలవాటున్న అబ్బాయిదే. పేరు చార్లెస్ డార్విన్.

1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టాడు. ఎనిమిదేళ్లకే తల్లి పోయింది. రాళ్లు, గవ్వలు, పురుగులు పోగుచేయడం తప్ప బడి చదువు మీద మనసు నిలిచేది కాదు. తండ్రి పేరున్న వైద్యుడు. కొడుకూ వైద్యుడే కావాలని 16 ఏళ్లకు ఎడిన్‌బరో పంపాడు. మత్తుమందు లేని ఆ రోజుల్లో ఒక పసివాడికి చేస్తున్న ఆపరేషన్ చూడలేక డార్విన్ బయటికి పరుగెత్తాడు. వైద్యం చదువు అక్కడితో ఆగింది. తర్వాత మతగురువు కావడానికి కేంబ్రిడ్జ్ పంపితే అక్కడా పెంకుపురుగుల వేటే. కానీ అక్కడ వృక్షశాస్త్రం చెప్పే హెన్‌స్లో అనే గురువు ఆ ఆసక్తిని కనిపెట్టాడు.

1831లో బీగిల్ ఓడలో ప్రపంచయాత్రకు హెన్‌స్లో ద్వారా పిలుపు వచ్చింది. తండ్రి ససేమిరా అన్నాడు. మేనమామ జోసయ్య వెడ్జ్‌వుడ్ నచ్చజెప్పాక తన మాట వెనక్కి తీసుకున్నాడు. మీరు గమనించండి, ఆ ఒక్క సమ్మతి లేకపోతే తర్వాతి కథ లేదు.

డిసెంబరు 27న ఓడ కదిలింది. సముద్రంలో వాంతులతో అల్లాడుతూనే డార్విన్ దాదాపు ఐదేళ్లు తిరిగాడు. 1835లో చిలీలో పెద్ద భూకంపం తర్వాత తీరం పైకి లేవడం కళ్లారా చూశాడు. నేల లేవగలిగితే కుంగనూ గలదు కదా! ఆ ఆలోచన నుంచే పగడపు దీవుల చిక్కుముడి విడింది. దిబ్బలు కట్టే పగడాలు వెలుతురు అందే తక్కువ లోతులోనే బతుకుతాయి. మరి నడిసముద్రంలో ఉంగరంలాంటి దీవులెలా వచ్చాయి? అగ్నిపర్వత దీవి మెల్లగా కుంగుతుంటే, దాని చుట్టూ పగడాలు పైపైకి పెరుగుతూ పోతాయి. చివరికి కొండ మునిగిపోతుంది, పగడపు వలయం మిగులుతుంది. 1836 ఏప్రిల్‌లో కోకోస్ దీవుల్లో లోతులు కొలిచి తన ఊహను పరీక్షించుకున్నాడు. 1842లో పుస్తకం వేశాడు.

రుజువు చూడకుండానే 1882లో కన్నుమూశాడు. 70 ఏళ్లకు, 1952లో, పసిఫిక్‌లోని ఎనివెటోక్ దీవిలో రంధ్రం వేస్తే కిలోమీటరుకు పైగా సున్నపురాయి కింద అగ్నిపర్వత శిల తగిలింది.

పగడాల పట్టుదల అంతటితో ఆగదు. ఇండోనేషియాలోని బందా అపి 1988లో పేలినప్పుడు లావా సముద్రంలోకి దిగి, దారిలో ఉన్న పగడాలను కప్పేసింది. దెబ్బతినని దిబ్బల నుంచి పగడపు పిల్లలు నీటిలో తేలుతూ వచ్చి ఆ కొత్త రాయికి అతుక్కున్నాయి. ఐదేళ్లలోనే నూరుకు పైగా రకాలు అక్కడ కాపురం పెట్టాయి. మన అండమాన్‌లోని బారెన్ దీవి కూడా 1991లో మళ్లీ నిప్పులు కక్కింది. దేశంలో క్రియాశీలంగా ఉన్న అగ్నిపర్వతం అదొక్కటే. మ్యాప్‌లో దాన్ని మీ పిల్లలతో వెతికించండి.

మహదేవపూర్ పిల్లలకు సముద్రం దూరమే. అడవి మాత్రం దగ్గరే. మద్దిచెట్టు మీది దసలి పట్టుగూడు దగ్గర మీ పాప ఆగిపోతే తొందరపెట్టకండి. మార్కులు ముఖ్యమే, కాదనం. కానీ ఒక రంగంలో వెనకబడిన బిడ్డకు మరో రంగంలో కాలూనే చోటు కావాలి. దాన్ని కనిపెట్టే హెన్‌స్లో మేమవుతాం. సరేననే పెద్దమనసు మీరు చూపండి.